ఎండిన మద్దికొమ్మకు వేలాడేది ఎండుకాయ కాదు

ఫిబ్రవరి నెలాఖరుకు నల్లమలలో నల్లమద్ది ఆకు మొత్తం రాల్చేస్తుంది. గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాల వైపు ఎక్కే ఘాట్‌లో గానీ, దోర్నాల దాటాక శ్రీశైలం దారిలో గానీ ఆ చెట్లు మొసలి చర్మం లాంటి బెరడుతో, బోడి కొమ్మలతో నిలబడి ఉంటాయి. ఆ కొమ్మల చివర సన్నటి రెమ్మలకు అక్కడక్కడా బూడిద రంగు కాయ ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. చూసినవాళ్లు చెట్టు కాయే అనుకుంటారు. మద్ది అసలు కాయకు నిలువునా అయిదు రెక్కలు ఉంటాయి. ఇది అలా ఉండదు. నున్నగా, కోలగా, పావురం గుడ్డు కంటే కాస్త పెద్దగా ఉంటుంది. చెట్టుకు పుట్టింది కాదు కాబట్టి గాలికి రాలదు. లోపల ఉన్నది బతికున్న పురుగు.

అది దసలి పట్టు పురుగు కట్టుకున్న గూడు. తెలంగాణలో మహాదేవపూర్ వైపు దీన్ని పెంచి పట్టు తీసేవాళ్లు గూడు అనరు, కాయ అనే అంటారు. నేనూ కాయ అనే రాస్తాను. పాత ప్రకాశం జిల్లాలో నల్లమల, నెల్లూరు జిల్లాలో వెలిగొండ, ఈ రెండు కొండల వరసల్లో మద్ది చెట్టు ఉన్నచోట ఈ పురుగుకు ఇల్లు ఉన్నట్టే. దాని గురించి నేను చెప్పదలచింది ఒకటే. చెట్టు నరకకుండా ఉంటే ఈ పురుగు బతికిపోతుందని మనం అనుకుంటున్నాం, అది చాలదు. ఏడాదిలో ఆరేడు నెలలు దాని జాతి మొత్తం ఎండుకొమ్మలకు వేలాడుతూ ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మనం కొండకు నిప్పు పెడుతున్నాం, మండలు కొడుతున్నాం, ఎండుపుల్లలు ఏరుకుంటున్నాం.

ముందు ఆ కాయను దగ్గరగా చూడాలి. నాలుగైదు సెంటీమీటర్ల పొడవు, దాదాపు మూడు సెంటీమీటర్ల అడ్డం. గోటితో నొక్కితే లొంగదు. పైన గట్టి కాడ ఉంటుంది, ఆ కాడ కొస రెమ్మ చుట్టూ ఉంగరంలా బిగుసుకుని ఉంటుంది. గొంగళి గూడు కట్టేముందు మొదట చేసే పని ఈ ఉంగరమే. రెండు మూడు ఆకులను దగ్గరకు లాక్కుని ఊయలలా అల్లుకుంటుంది, ఆకు తొడిమ రాలిపోయినా తను రాలకుండా నోటి పట్టుతో రెమ్మ చుట్టూ పొరమీద పొర చుట్టి కాడ దించుతుంది. ఆ తర్వాతే ఆకుల మధ్య దూరి గూడు అల్లడం మొదలుపెడుతుంది. చలికాలం పోయి ఆకులు రాలాక కాయ ఒక్కటే మిగలడానికి కారణం ఆ కాడ. సామర్లకోటలో పనిచేసి తర్వాత కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో దసలి పురుగు గురించి 1804లో రాసినప్పుడు కూడా, కాయ గట్టి పట్టు తాడుతో కొమ్మకు వేలాడడాన్ని ప్రత్యేకంగా చెప్పాడు.

గూడు అల్లడానికి నాలుగైదు రోజులు పడుతుంది. లోపలి నుంచి గొంగళి ఒక ద్రవం వదిలి గోడలను తడుపుతుంది. పట్టుదారం మీది జిగురు, ఆ ద్రవంలోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, ఆకుల నుంచి వచ్చిన టానిన్లు అనే వగరు పదార్థాలు కలిసి ఎండితే గోడ పెంకులా తయారవుతుంది. మల్బరీ పట్టుకాయను వేడినీళ్లలో వేస్తే దారం వచ్చేస్తుంది, దసలి కాయ అలా రాదు. సోడా కలిపి ఉడకబెడితేనే జిగురు వదులుతుంది. కాయ మొత్తం బరువు పది పన్నెండు గ్రాములు ఉంటే అందులో పెంకు రెండు గ్రాములకు అటూ ఇటూ. మిగతాదంతా లోపల ముదురు గోధుమ రంగు తొడుగులో ముడుచుకున్న ప్యూపా, అంటే గొంగళి రెక్కల పురుగుగా మారే మధ్య దశ.

ఆ ప్యూపా తినదు, తాగదు, కదలదు. ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటుంది. గొంగళిగా ఉన్నప్పుడు పోగేసుకున్న కొవ్వును నెలల తరబడి కొంచెం కొంచెంగా ఖర్చు చేస్తూ, మార్కాపురం ఎండల్లో 44 డిగ్రీలు దాటిన రోజులను కూడా నెట్టుకొస్తుంది. వానాకాలం మొదలై గాలిలో తేమ పెరిగాకే దాని శరీరం మళ్లీ పని మొదలుపెడుతుంది.

బయటికి వచ్చేది ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. రెక్కలు చాపితే ఒక చివర నుంచి మరో చివరకు 15 సెంటీమీటర్లు, ఆడది ఇంకొంచెం ఎక్కువ. మగదాని రంగు ఇటుక ఎరుపుకు దగ్గర, ఆడది పసుపు లేదా బూడిద. నాలుగు రెక్కల మీద నాలుగు కళ్లు. ఆ కంటి మధ్య పొలుసు ఉండదు, అభ్రకం ముక్క అతికించినట్టు పారదర్శకంగా ఉంటుంది. దీపానికి అడ్డంగా ఉంటే వెలుతురు అందులోంచి ఇవతలికి వస్తుంది. మగదాని మీసాలు రెండు వైపులా ఈనెలు తీసిన ఈకల్లా వెడల్పుగా, ఆడదానివి సన్నగా ఉంటాయి. ఆడది కాయ నుంచి ఎక్కువ దూరం పోదు. పొట్టనిండా గుడ్లతో బరువుగా ఉండి, చీకటి పడ్డాక అక్కడే వేలాడుతూ వాసన వదులుతుంది. ఆ మీసాలతో ఆ వాసన పట్టుకుని మగది వెతుక్కుంటూ వస్తుంది. ఇద్దరికీ పనిచేసే నోరు లేదు. వారం పది రోజుల బతుకులో ఒక్క చుక్క తేనె తాగవు. ఊళ్లలో దీన్ని కూడా సీతాకోకచిలుకే అంటారు, పుస్తకాల్లో శలభం అని రాస్తారు. 1758లో లినేయస్ పాఫియా అనీ, 1773లో డ్రూరీ మైలిట్టా అనీ శాస్త్రీయ నామాలు పెట్టారు. ఆంథెరియా పాఫియా, ఆంథెరియా మైలిట్టా రెండూ ఒకటేనా వేరా అన్న తగువు శాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలం నడిచింది. మద్దిచెట్టుకు దానితో పని లేదు.

ఆడది 150 నుంచి 250 గుడ్లు పెడుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు రాత్రుల్లోనే. గుడ్డు మూడు మిల్లీమీటర్లు, మీగడ రంగులో కాస్త నొక్కినట్టు ఉండి, నడుము చుట్టూ రెండు గోధుమ గీతలుంటాయి. ఎనిమిది నుంచి పది రోజులకు పొదుగుతుంది. గొంగళి నాలుగుసార్లు పొర విడిచి, అయిదు దశలు దాటి, 30 నుంచి 45 రోజుల్లో అరచేయంత పొడవవుతుంది. పుట్టినప్పుడు మట్టి రంగు, తర్వాత మద్ది ఆకు రంగే. ప్రక్కల వెండి చుక్కలు మంచు బొట్టులా మెరుస్తాయి. మొత్తం తిండిలో చాలా భాగం అయిదో దశలోనే తింటుంది. నల్లమద్ది, ఏరుమద్ది దానికి ఇష్టమైనవి. రేగు, గొట్టి, చెన్నంగి ఆకు కూడా తింటుంది. ఆకులు చిల్లులు పడి, కింద నేలమీద ముదురు రంగు ఉండలు పడి ఉంటే పైన పురుగు ఉన్నట్టు. చెట్టు చావదు, వానలు ఉన్నాయి కాబట్టి మళ్లీ చిగురేస్తుంది. కొండవార మామిడి తోటల రైతులు దీన్ని చూసి మందు కొట్టే పని లేదు, మామిడి దీని మేత కాదు.

వానలు సవ్యంగా పడితే ఏడాదికి రెండు తరాలు. జూన్, జూలైలో బయటపడ్డవాటి పిల్లలు ఆగస్టు, సెప్టెంబరుకు కాయలు కడతాయి. ఆ కాయలు ఎక్కువకాలం నిద్రపోవు, సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ రెక్కల పురుగులు వస్తాయి. వాటి పిల్లలు ఈశాన్య రుతుపవనాల తడికి ముదిరిన ఆకు తిని నవంబరు, డిసెంబరుల్లో కట్టే కాయలే మళ్లీ జూన్ దాకా వేలాడేవి. మన రెండు జిల్లాలకూ రెండు వానాకాలాలు ఉండడం ఈ పురుగుకు కలిసొచ్చిన సంగతి. వెలిగొండలో, పెంచలకోన, ఉదయగిరి వైపు నైరుతి వానలు పలచగా పడినా అక్టోబరు వానలు ఆదుకుంటాయి.

ఇక లెక్క దగ్గరకు వస్తాను. ఒక ఆడ పురుగు 200 గుడ్లు పెట్టిందనుకుందాం. జాతి తరగకుండా, పెరగకుండా ఉండాలంటే ఆ 200లో సగటున రెండు పెద్దవై జతకట్టి గుడ్లు పెడితే చాలు. మిగతా 198 ఎక్కడో ఒకచోట పోతాయి. దీన్ని పట్టుకుని, అన్ని పోయేవే కదా, నిప్పులో నాలుగు పోతే ఏమైంది అని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన తప్పు. ఆ 198 ఎప్పుడు పోతాయో చూడాలి. గుడ్లను చీమలు ఎత్తుకుపోతాయి. చిన్న గొంగళ్లను కందిరీగలు, గొల్లభామలు, ముక్కుతో పొడిచి రసం పీల్చే నల్లులు తింటాయి. పెద్దవాటి మీద ఊజీ ఈగ గుడ్డు పెడుతుంది, దాని పురుగు గొంగళి ఒంట్లోకి దూరి లోపలే తింటుంది. జబ్బులు ఉన్నాయి, పిట్టలు ఉన్నాయి. అంటే చావుల్లో అత్యధికం కాయ కట్టకముందే జరిగిపోతాయి. ఈ జల్లెడలన్నీ దాటి మిగిలింది మార్చి నెలలో కొమ్మకు వేలాడే కాయ. జూలైలో ఒక గుడ్డు పోవడం, మార్చిలో ఒక కాయ పోవడం ఒకటి కావు. విత్తనాల గాదెకు నిప్పంటుకున్నప్పుడు, చేలో కూడా పిట్టలు గింజలు తింటాయిగా అని ఏ రైతూ అనడు.

ఆ గాదెకే నిప్పు పడుతోంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో నిప్పు తనంతట తాను పుట్టడం చాలా అరుదు. కొత్తగడ్డి బాగా లేస్తుందని పాత గడ్డికి అంటిస్తారు. తునికి చెట్లు లేత ఆకు వేయాలని బీడీ ఆకు కోసం అంటిస్తారు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఊడ్చి అంటిస్తారు. దారిన పోయేవాళ్లు పారేసిన బీడీముక్క, ఆర్పకుండా వదిలేసిన పొయ్యి కూడా చాలు. బోదగడ్డి నడుమెత్తున ఎండి ఉంటుంది. పైన చెట్టు కాలదు, నల్లమద్ది బెరడు మందం కాబట్టి మళ్లీ చిగురిస్తుంది. అందుకే మర్నాడు చూసినవాళ్లకు నష్టమేమీ కనిపించదు. చెట్టు పచ్చగా ఉంది కదా అంటారు.

కాయ సంగతి వేరు. అది మనిషెత్తు నుంచి మూడు నాలుగు మనిషెత్తుల దాకా బయటి రెమ్మలకు ఉంటుంది, గడ్డిమంట సెగ నేరుగా వెళ్లేది అక్కడికే. పట్టు పరిశ్రమలో కాయలోని ప్యూపాను చంపడానికి చేసే పని ఏమిటి? ఆవిరిలోనో వేడిగాలిలోనో కాసేపు పెడతారు. పెంకు చెక్కుచెదరదు, లోపలిది చస్తుంది. కొండమంట చేసేదీ అచ్చం అదే. కాయ రంగు కూడా మారకపోవచ్చు. జూన్ వస్తుంది, వాన పడుతుంది, కాయ మాత్రం తెరుచుకోదు. నిప్పు పోయిన కొండమీద కాయలు కనిపిస్తున్నాయి కాబట్టి పురుగు క్షేమంగా ఉందని రాసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గడ్డి కోసం నిప్పు పెట్టేవాళ్ల అవసరం నిజమైందే, పశువుకు మేత కావాలి. కానీ కొండ మొత్తం తగలబెట్టకుండా మేత దొరికే దారి ఉంది. గడ్డి ముదరకముందే, డిసెంబరు, జనవరిలోనే కోసి మోపులు వేసుకుంటే మేత మిగులుతుంది, మార్చిలో కాలడానికి అక్కడ ఏమీ ఉండదు. అటవీ శాఖ వేసవికి ముందు ఫైర్‌లైన్లు, అంటే మంట పాకకుండా అడవి మధ్య ఖాళీగా ఉంచే గీతలు, శుభ్రం చేయిస్తుంది. ఆ పని చేసేవాళ్లకు ఒక మాట చెబితే చాలు: గీత పొడవునా ఆకు తగలబెట్టేముందు రెండు పక్కలా ఉన్న మద్దికొమ్మలను తలెత్తి చూడమని, కాయలున్న చెట్టు కింద రెండు మూడు మీటర్ల మేర ఎండాకు పక్కకు లాగమని. ఆకు రాలిన చెట్టు మీద కాయ కనిపించడం సులువు.

మండలు కొట్టడం గురించి తక్కువ మాటల్లో చెబుతాను. మేకలకు కొట్టే పచ్చిమండల్లో కాయలు పెద్దగా ఉండవు. ఎండుపుల్లల మోపుల్లోనే ఉంటాయి, ఎందుకంటే సన్నటి ఎండు రెమ్మలే మోపుకు కావలసినవి. అవి నేరుగా పొయ్యిలోకి పోతాయి.

వేసవిలో ఇంకో చిక్కు ఉంది, దానికి మనం కారణం కాదు గానీ తెలుసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చి నాలుగు రోజులు చల్లబడితే కొన్ని కాయలు వానాకాలం వచ్చిందనుకుని తెరుచుకుంటాయి. అప్పటికి మద్దికి సరిపడా ఆకు ఉండదు. వచ్చిన ఆడదానికి మగది దొరకదు, దొరికినా గుడ్లు ఎండవేడికి లోపలే ఎండిపోతాయి. దసలి పెంచేవాళ్లను బాగా ఏడిపించే నష్టం ఇదే. వాళ్లు విత్తనం కాయలను గాలి ఆడే చల్లటి గదుల్లో దండలు కట్టి వేలాడదీసి, మధ్యాహ్నం పూట గోడలు తడిపి దీన్ని తప్పించుకుంటారు. అడవిలో దీన్ని తప్పించేది నీడ ఒక్కటే. వాగు ఒడ్డున ఏరుమద్ది మీద ఉన్న కాయకు ఉన్న రక్షణ, బోడిగుట్ట మీది కాయకు ఉండదు. అందుకే గుండ్లకమ్మ తలాపున ఉన్న వాగుల ఒడ్డు చెట్లు నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపిస్తాయి.

వానలు మొదలయ్యాక ప్రమాదం నిప్పు నుంచి దీపానికి మారుతుంది. ఈ పురుగు కాయ నుంచి బయటపడేది సాయంత్రం, జతకట్టేది రాత్రి. ఆ వేళ కొండ అంచున తెల్లటి పెద్ద లైటు వెలిగితే మగవి ఆడదాని వాసన పట్టడం మాని ఆ లైటు చుట్టూ తిరిగి గోడకు అతుక్కుపోతాయి. తిండి తినని పురుగుకు ఉన్నది పట్టెడు కొవ్వే. ఒక రాత్రి దీపం చుట్టూ తిరిగితే బతుకులో పదోవంతు పోయినట్టే. దోర్నాల, శ్రీశైలం ఘాట్‌లో రాత్రిపూట వాహనాలు ఆపడం పులుల కోసం పెట్టిన నియమం, దానివల్ల ఈ పురుగుకూ చీకటి దొరుకుతోంది. పెంచలకోన, భైరవకోన, నెమలిగుండ్ల లాంటి కొండ క్షేత్రాల్లో దీపాలు ఆర్పమని ఎవరూ అడగరు, నేనూ అడగను. లైటుకు పైనా, కొండవైపూ రేకు కప్పు ఉండాలి, వెలుతురు మెట్లమీద, దారిమీద మాత్రమే పడాలి. తెల్లటి ఎల్‌ఈడీ బదులు పసుపు వెలుగు బల్బు పెడితే వచ్చే పురుగుల సంఖ్య బాగా తగ్గుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా జనం లేనివేళ ఆర్పేస్తే ఇంకా మంచిది.

ఇంతకంటే పెద్ద ప్రతిపాదన ఒకటి అప్పుడప్పుడూ వినిపిస్తుంది. మన కొండల్లో ఇంత మద్ది ఉంది, బయటి నుంచి దసలి గుడ్లు తెచ్చి ఇక్కడి అడవి చెట్ల మీద వదిలితే జనానికి ఉపాధి, పురుగుకు సంఖ్య అని. ఉపాధి మంచిదే, నేను వ్యతిరేకిని కాను. కానీ అడవి చెట్ల మీద వదలడం మాత్రం వద్దు. దసలికి పెబ్రిన్ అనే జబ్బు ఉంది, నోసీమా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, తల్లి నుంచి గుడ్డు లోపలికే పోతుంది. 1860లలో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ మల్బరీ పట్టుపురుగుల కోసం చూపిన దారినే ఇప్పటికీ పాటిస్తున్నారు: గుడ్లు పెట్టిన తల్లిని నూరి మైక్రోస్కోపు కింద చూసి, జబ్బు లేదని తేలితేనే ఆ గుడ్లు ఉంచుతారు. ఆ పరీక్ష ఒక్కసారి సరిగా జరగకపోతే జబ్బు పెంపకం పురుగుతో ఆగదు, పక్క చెట్టుమీది అడవి పురుగుకూ అంటుతుంది. పైగా దసలిలో ప్రాంతాన్ని బట్టి నలభైకి పైగా రకాలు గుర్తించారు, ఒక్కోదానికి తన కొండ వానలను బట్టి నిద్ర, మెలకువ కుదిరి ఉంటాయి. వేరే చోటి రకం కలిస్తే ఇక్కడి పురుగు మెలకువ వేళ తప్పుతుంది. పట్టా పొలాల గట్లమీద, చెరువు కట్టలమీద ఏరుమద్ది నాటి, కొండకు దూరంగా పెంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. మద్ది నాటిన నాలుగైదేళ్లకు పురుగుకు ఆకు ఇస్తుంది.

కొండవార ఊళ్లలో ఉండేవాళ్లకు చేతితో చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను. అభయారణ్యం, పులుల అభయారణ్యం లోపల దేన్నీ ముట్టుకోవద్దు, అక్కడ అనుమతి లేకుండా పుల్ల తీసినా నేరమే. ఇవి ఊరి పొలాలకు, ఇళ్లకు సంబంధించినవి.

ఎండుపుల్లల మోపులో కాయ కనిపిస్తే దాన్ని రెమ్మ నుంచి పీకొద్దు. కాడ తెగితే వేలాడే ఆధారం పోతుంది. కాయకు అటూ ఇటూ జానెడు రెమ్మ ఉంచి కత్తిరించండి. ముందు అది బతికుందో లేదో చూడాలి. కాడ మొదట్లో దారాలు విచ్చుకుని పెద్ద రంధ్రం ఉంటే పురుగు ఎప్పుడో వెళ్లిపోయింది, అది ఖాళీ గూడు. ప్రక్కగోడకు చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే లోపల పరాన్నజీవి పెరిగి బయటపడింది. అంచులు చిరిగిన రంధ్రం పిట్ట పొడిచింది. ఏ రంధ్రమూ లేకుండా, చేతిలో బరువుగా ఉండి, మెల్లగా అటూ ఇటూ వంచితే లోపల మెత్తగా, నిండుగా తగిలితే బతికున్నట్టు. ఎండుగింజలా గలగలమంటే చచ్చిపోయింది. బతికినదాన్ని మోపు తెచ్చిన చోటికి దగ్గర్లో, వాగు పక్కనో నీడలోనో ఉన్న మద్దిచెట్టుకు, మనిషెత్తు కంటే పైన, జనపదారంతో రెమ్మను కట్టాలి. కాడ పైకి, కాయ కిందికి ఉండాలి. తలకిందులుగా కడితే పురుగు బయటికి వచ్చాక రెక్కలు చాపుకోవడానికి వేలాడే చోటు దొరకదు. ముడతపడి ఎండిన రెక్క మళ్లీ విప్పుకోదు.

ఇంటి గోడమీద ఆడది గుడ్లు పెట్టేస్తే అవి అక్కడే పొదిగి ఆకలికి చస్తాయి. తడిబట్టతో గుడ్లను కాసేపు నానబెడితే జిగురు వదులుతుంది, వేలితో మెల్లగా దొర్లించి తీసి నీడలో ఆరనివ్వండి. దసలి పెంచేవాళ్లు చేసినట్టు చిన్న ఆకుదొన్నెలో పెట్టి, లేత ఆకున్న మద్దికొమ్మకు తుమ్మముల్లుతో గుచ్చితే సరి. చీమలు ఎక్కకుండా చెట్టు మొదలు చుట్టూ బూడిద చల్లండి, వాన పడిన ప్రతిసారీ మళ్లీ చల్లాలి. పురుగును తీయాల్సి వస్తే రెక్క పట్టుకోవద్దు. కాళ్లముందు పుల్ల పెడితే అదే ఎక్కుతుంది.

జూన్‌లో మొదటి గట్టి వాన పడి రెండు మూడు రోజులు మబ్బు పట్టి ఉంటే, సాయంత్రం అయిదు దాటాక మీరు కట్టిన కాయ దగ్గరకు వెళ్లి చూడండి. పురుగుకు కోరలు లేవు, పెంకు కొరికి రాదు. కోకూనేజ్ అనే రసాన్ని లోపలి నుంచి కాడ మొదట్లో వదులుతుంది. ఆ రసం దారాలను తెంచదు, దారాలను కలిపి పట్టుకున్న జిగురును మాత్రం కరిగిస్తుంది. ఎండాకాలమంతా రాయిలా ఉన్న పెంకు ఆ ఒక్కచోట చెమ్మగిల్లి రంగు ముదురుతుంది. ఆ తడి మరక కనిపిస్తే టార్చి ఆర్పేసి ఒక బారెడు దూరం జరగండి. కాసేపటికి దారాల మధ్య నుంచి ముందు రెండు కాళ్లు వస్తాయి.